గొట్టం చుట్టూ ఖాళీ

చిరంజీవి సీతారాంకు అన్న నీలకంఠం దీవించి రాయునది. ఇంట్లో ఉన్నవాళ్లమంతా క్షేమం. బర్మా నూనె బావుల దగ్గర నువ్వూ అలాగే ఉన్నావని తలుస్తాను.

మూడు రోజులుగా సముద్రం గాలి. వాన చినుకు లేదు. ఈ పూట కొబ్బరి దింపు చేయించాను. కాయలు చిన్నవి.

బోరు సంగతి అడిగావు. మంచినీళ్లు పడితే బర్మా వదిలి వచ్చేస్తానని నువ్వు రాసిన మాట నీ భార్య వరహాలమ్మకు నేనే చదివి వినిపించాను. అప్పటినుంచి ఆమె రోజూ బోరు దగ్గరే నిలబడేది. నీళ్లు పడ్డాయి. తియ్యటి నీళ్లు. వారం తిరగకుండానే ఒక పొద్దున చెంబు నా చేతికిచ్చి, "బావగారూ, ఓసారి నోట్లో ఎయ్యండి" అంది. ఉప్పు.

బోరు వేసేటప్పుడు నువ్వు చెప్పినట్టే చేశాము. బోరు గొయ్యి మొత్తం పట్టేదానిలోంచి గొట్టం బయటి కొలతకు పట్టేది తీసేసి, చుట్టూ మిగిలిన ఖాళీకి ఎన్ని కుంచాలు పడతాయో లెక్క కట్టాను. ఆ ఖాళీలో సున్నం కలిపిన మట్టినీళ్లు మంచినీళ్లకు పైనున్న ఉప్పునీటి పొర దాటేదాకా, కింది నుంచి పైకి నిండేలా పోయాలి. ఆపైన ఇసుక. మేస్త్రి గున్నయ్యను నిలదీశాను. "మీరు సెప్పినన్ని కుంచాలూ పోసినాను బాబూ. ఒక్కటి తగ్గితే నన్నా గోతిలోనే పూడ్సీండి" అన్నాడు. లెక్క మళ్లీ వేశాను. సరిగ్గానే వచ్చింది.

ఇక ఇది రాయడానికి మనసొప్పడం లేదు. ఆదివారం నీ వదిన వడ్లు కొలుస్తోంది. మన కళ్లాల్లో అలవాటే కదా, కుంచం అంచు మీద గింజలు కుప్పగా నిలిచేదాకా నింపుతోంది. అది చూడగానే నా పొరపాటు తెలిసింది. కుంచం ఎంత పడుతుందో తెలుసుకోవడానికి నేను అడుగు కొలత పెట్టె చేయించి, అందులో కుంచంతో వడ్లే కొలిచి పోశాను, కుంచం అలాగే కుప్పగా నింపి. మట్టినీళ్లు అంచు దగ్గరే ఆగుతాయి. కుంచం కుంచానికీ ఆ కుప్ప మేర తగ్గింది. పోసినది ఉప్పునీటి పొర మధ్యలోనే ఆగిపోయింది. ఆరకముందే ఉప్పునీరు దాన్ని కోసుకుంటూ గొట్టం వెంట దిగింది. తీసి మళ్లీ పోద్దామని గొట్టం లాగితే రాలేదు.

ఇంట్లో చెప్పాను. వరహాలమ్మ ఏడవలేదు. "నీళ్లు పడితే ఒత్తానన్నారు. ఇంక ఆయనొచ్చీదేటి, నానే పోతాను" అంది.

"తోట గట్టు దాటనిదానివి, సముద్రం దాటుతావేటే" అని నీ వదిన నవ్వింది. నేనూ నవ్వాను.

గురువారం తెల్లవారి, బర్మా పోతున్న గున్నయ్య అక్క కుటుంబంతో కలిసి వరహాలమ్మ బారువ రేవుకు వెళ్లి రంగం స్టీమరు ఎక్కింది.

ఇట్లు,
నీ అన్న
నీలకంఠం