గొంతుకు మంచిది

ప్రియమైన నాన్నకు,

నీ హుకుం ప్రకారం ఫోన్ చేయకుండా ఉత్తరమే రాస్తున్నాను. పగలంతా రైల్వే స్టేషన్ మైకులో అరిచి, ఇంటికొచ్చి మళ్ళీ ఫోన్లో అరిస్తే గొంతు పోతుందని నువ్వన్న మాట చెబితే, రెండో డ్యూటీ అనౌన్సరక్క పడీ పడీ నవ్వింది. "మీ నాన్న డాక్టరా?" అంది. కాదు, డ్రిల్లు మాస్టారు, ఉద్యోగం చేసినన్నాళ్ళూ మైకు లేకుండా మైదానమంతటినీ నడిపించిన మనిషి అన్నాను. దాంతో నవ్వు ఆపింది.

అసలు సంగతి వేరే. ఉద్యోగం ఖాయం చేసే ముందు ఆరోగ్య పరీక్ష చేశారు. బీపీ నూటయాభై బై వంద ఉందట. ఇరవై ఆరేళ్ళ పిల్లకు ఇంత ఏమిటని డాక్టరమ్మ మళ్ళీ మళ్ళీ పట్టీ చుట్టి చూసింది. అదుపులోకి వస్తేనే ఖాయం, లేకపోతే ఇంకొకరిని చూసుకుంటారు. నా గది, నా మైకు, నేను నోరు తెరిచే ముందు ఆపాల్సిన ఆ కిరకిరలాడే ఫ్యాను, అన్నీ నావే అనుకున్నాను. అమ్మకు చెప్పకు.

నువ్వు పంపిన అతిమధురం పుల్లలు అయిపోవచ్చాయి. నములుతుంటే గొంతుకు హాయిగా ఉంటోంది. నువ్వు పక్కనే ఉన్నట్టు కూడా ఉంటోంది.

నీ గంట


ప్రియమైన గంటమ్మా,

అమ్మకు నేను చెప్పలేదు. నా భుజం మీదుగా తనే చదివేసింది.

మా వైపు బీపీ అన్నదే లేదు. ఇన్నేళ్ళలో నేను ఒక్కసారైనా చూపించుకోలేదు, ఆ అవసరమే రాలేదు. మీ అమ్మ వైపు అందరికీ ముక్కు మీదే కోపం. వస్తే అటునుంచే రావాలి. ఈ మాట రాస్తుంటే అమ్మ కలం లాక్కోబోయింది.

గ్రంథాలయానికి వెళ్ళి చదివాను. ఉప్పెక్కువ, నిద్ర తక్కువ, ఒళ్ళు కదలకపోవడం, లావెక్కడం, సిగరెట్లు, దిగులు, ఇవన్నీ ఈ కాలం కుర్రాళ్ళకు బీపీ తెస్తున్నాయట. నువ్వు గాలేస్తే ఎగిరిపోయేలా ఉంటావు కాబట్టి లావు సంగతి కొట్టేశాను. ఉప్పు తగ్గించు, వేళకు పడుకో. ప్లాట్‌ఫారం ఈ చివరనుంచి ఆ చివరకు నడు, చేతులు బాగా ఊపుతూ.

ఉత్తరంలోనే నీ గొంతు వణుకుతోంది. అందుకే ఈసారి పెద్ద పొట్లం పంపుతున్నాను. డ్యూటీకి ముందొకటి, తర్వాతొకటి, మధ్యలో గరగర అనిపించినప్పుడల్లా ఒకటి. నేనూ అంతే చేసేవాణ్ణి, ఇప్పటికీ చేస్తున్నాను.

ఆశీస్సులతో,
నాన్న


ప్రియమైన నాన్నకు,

నీ డ్రిల్లు మొత్తం చేశాను. ఉప్పు లేని తిండి కాగితం నమిలినట్టుంది. కాఫీ కూడా తగ్గించాను. చేతులు ఊపుతూ నడుస్తుంటే రైలు ఆపమంటున్నానేమోనని ఒక డ్రైవరు కిటికీలోంచి తొంగిచూశాడు.

అయినా ఈసారి నూటఅరవై దాటింది. పాదాలు వాచాయి. వంతెన మెట్లెక్కుతుంటే కాళ్ళలో సత్తువ ఉండటం లేదు. డాక్టరమ్మ గుచ్చి గుచ్చి అడిగింది. గురక పెడతావా, నొప్పి మాత్రలు మింగుతావా, వేరే మందులేమైనా వాడుతున్నావా, ఇంట్లో ఎవరికైనా ఉందా అని. అన్నిటికీ లేదనే చెప్పాను. మూత్రపిండాల్లో ఏదైనా తేడా ఉందేమో చూడాలని రక్తం తీసుకుంది.

పని నేర్చుకోవడానికని కొత్తమ్మాయి వచ్చింది. నేను మంచినీళ్ళకు లేస్తే నా కుర్చీలో కూర్చుంటోంది. మంచి పిల్లే పాపం. నాకు భయంగా ఉంది నాన్నా.

నీ గంట


నా గంటమ్మకు,

నీ ఉత్తరం చూడగానే అంగడికి పరుగెత్తాను, అందుకే నాలుగు ముక్కలే రాస్తున్నాను. అక్కడ అతిమధురం అయిపోయిందట. నా డబ్బాలో ఉన్న పుల్లలన్నీ నీకే పంపుతున్నాను. నాకిప్పుడు గొంతుతో పనేముంది, అమ్మతో వాదించడానికి తప్ప. అందులోనూ ఎప్పుడూ నెగ్గింది లేదు. ధైర్యంగా ఉండు.

నాన్న


ప్రియమైన నాన్నకు,

బాగానే ఉన్నానని కార్డు ముక్క పడేసి ఇన్నాళ్ళు ఊరుకున్నందుకు తిట్టకు. మంచి కబురు చేతికొచ్చాకే రాద్దామని ఆగాను.

రక్తంలో పొటాషియం బాగా తక్కువుందని తేలింది. ఏం తింటావు, ఏం తాగుతావు అని డాక్టరమ్మ మళ్ళీ మొదలుపెట్టింది. చెప్పీ చెప్పీ నోరెండిపోయి, సంచీలోంచి ఓ పుల్ల తీసి నోట్లో పెట్టుకున్నాను. ఆవిడ కలం ఆగిపోయింది.

"అదేమిటి?"

"మా నాన్నండీ."

అలా ఎందుకన్నానో తెలీదు. అన్నిసార్లు అడిగినా ఇది నాకు గుర్తే రాలేదు. ఇది తిండి కాదు కదా, నువ్వు.

అతిమధురం అదే పనిగా తింటే ఒంట్లో ఉప్పూ నీరూ నిలిచిపోతాయట, పొటాషియం బయటకు పోతుందట, బీపీ పెరుగుతుందట. చిన్న వయసులో బీపీ వస్తే ఇలాంటి కారణమేదైనా దాగి ఉందేమోనని వెతకాలి, అందుకే అంత విసిగించానంది. ఆ రోజే మానేశాను. కొన్ని వారాలకు వాపు పోయింది. నిన్న చూస్తే నూటఇరవై బై ఎనభై. ఉద్యోగం ఖాయమైంది.

ఇంకొకటి. గొంతు నొప్పి సంగతి మైకు బాగుచేసే ఆయనతో అంటే, "అమ్మా, మైకు పెట్టిందే నువ్వు అరవకుండా ఉండటానికి" అన్నాడు. ఇన్నాళ్ళూ నువ్వు మైదానంలో అరిచినట్టే అరుస్తున్నాను. ఇప్పుడు మామూలుగా మాట్లాడుతున్నాను, నొప్పే లేదు. నువ్వేమీ మనసులో పెట్టుకోకు.

నీ గంట


ప్రియమైన గంటమ్మా,

మనసులో పెట్టుకోవద్దన్నావు. పెట్టుకున్నాను. పిల్లకు పొట్లాలు కట్టి మరీ రోగం పంపానే అని ఏడ్చాను కూడా. రెండు రోజులు చూసి అమ్మ అటక మీది నా క్యాన్వాస్ బూట్లు తెచ్చి ముందు పడేసింది. "తొడుక్కోండి" అంది.

పట్టాయి. ఏళ్ళ తరబడి మైదానంలో నిలబడటం వల్ల పాదాలు ఉబ్బాయనుకుని ఆ బూట్లు ఎప్పుడో అటకెక్కించాను. డబ్బా నీకు పంపేశాక వాపు దిగింది. నేను గమనించలేదు, అమ్మ గమనించింది. ఆ బూట్లతోనే నన్ను డాక్టరు దగ్గరకు లాక్కెళ్ళింది. నాకూ బీపీ ఉంది. డబ్బా ఖాళీ అయినా ఇంకా కాస్త ఎక్కువే ఉంది, మాత్ర ఇచ్చాడు. డబ్బా నిండుగా ఉన్న రోజుల్లో ఎంత ఉండేదో దేవుడికే తెలియాలి. నీది బయటపడకపోతే నాది ఎప్పటికీ తెలిసేది కాదు తల్లీ.

కాబట్టి నీ బీపీ మా వైపు నుంచే వచ్చింది. ఈ వాక్యాన్ని అమ్మ నాచేత రెండుసార్లు చదివించుకుంది.

వచ్చే ఆదివారం రైలెక్కుతున్నాం. దిగగానే నీ గదికి రాను, కాసేపు ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చుంటాను. నువ్వు అరవకు, మైకులో మెల్లగానే చెప్పు. నాకు వినిపిస్తుంది.

నీ నాన్న