పాలపీక పొరపాటు

అత్తయ్యగారికి నమస్కారాలు.

బాబు కులాసాగా ఉన్నాడు, కంగారు పడకండి. మొన్న పాలసీసాకి పీక నేనే కొన్నాను. "మూడు నెలల పిల్లాడికి చిన్న రంధ్రమున్నదే వాడాలండీ" అని కొట్టాయన చెబుతున్నా వినకుండా, త్వరగా తాగేస్తాడని పెద్దది తెచ్చాను. నా ఒళ్లోనే పొలమారి వాడి ముఖం కమిలిపోయింది. మీ అమ్మాయి లాక్కుని వీపు తట్టాక గానీ ఏడవలేదు. అప్పటినుంచి, "మీరు బట్టలు మడతపెట్టండి, పాలు నేను పడతాను" అంటోంది. తప్పు నాదే. మీ మాట వింటుంది. తను పక్కనే కూర్చునైనా సరే, ఒక్కసారి సీసా నా చేతికివ్వమని రాయండి.

మీ మోకాలి నొప్పి తగ్గిందా? మామయ్యగారికి నమస్కారాలు.

మీ అల్లుడు

తా.క. దాచి పంపడం ఇష్టంలేక ఈ కార్డు తనకి చూపించాను. చదివి, మీ అడ్రసు తనే రాసింది.