వెనుక గొట్టం ముడి కోశాకే వాగులో దిగు

దయాకర్,

నీ కూతురు నిరోషను తీసుకురావడానికి బయలుదేరేముందు, జీపు వెనుక ఇరుసు గాలిగొట్టం మూతికి కట్టి ఉన్న గుడ్డను కోసి పారేయి. అప్పటిదాకా వాగులో దిగకు. వేడెక్కిన ఇరుసు చల్లని నీళ్లు తగలగానే గాలి పీల్చుకుంటుంది. పైనుంచి గాలి అందకపోతే సీళ్ల సందుల్లోంచి నీళ్లు లాగి లోపలి నూనెను పాడుచేస్తుంది. నిండు నెలల పిల్ల ఎక్కవలసిన బండి అది.

గుడ్డ కట్టిన మేధావిని నేనే. నువ్వు గొట్టాలను ఇంజను ఎత్తుకు పొడిగించి మూతులు తెరిచి ఉంచితే, వాన పడుతుందని జాలిపడ్డాను. అవి ఎందుకని అడిగితే "నీకెందుకక్కా, గది బండి ముచ్చట" అన్నావు. చెప్పి ఉంటే ఇంత సేవ చేసేదాన్ని కాదు. బండితో వచ్చిన పుస్తకం ఈ ఉదయం చదివి, సిగ్గుపడి, ముందు గొట్టం గుడ్డను విప్పాను. వెనుకదానికి వేసింది మగ్గం మీద తెగిన పోగుకు వేసే ముడి. తాత నేర్పింది, ఊడదు. కత్తెరను ఎప్పటిలాగే నువ్వు ఎక్కడో పెట్టావు. బస్సు వచ్చేసింది.

అచ్చంపేట దవాఖానలో మంచం చూసి ఉంచుతాను.

అక్క

దారిలో నొప్పులు మొదలైతే నిరోషకు ఈ సంగతి చెప్పు. మేనత్త తెలివి తలచుకుని కాసేపు నవ్వుకుంటుంది. ఇంకెవరికీ చెప్పవద్దు.