మాటల్లేని రికార్డు, దాచిన కబురు

మంగళవారం, మధ్యాహ్నం

ఊళ్లు తిరుగుతున్న మావారికి,

ఇంటి నుంచి నమస్కరించి రాస్తున్నాను. అత్తయ్య మోకాలు తప్ప ఇక్కడ అంతా క్షేమం. ఆ మోకాలు కూడా నిన్నటి నుంచి కాస్త చెప్పిన మాట వింటోంది. మీరూ, మరిదిగారూ, పొడుగాయనా వేళకు తిని వేళకు పడుకుంటున్నారని నమ్ముతున్నాను. నమ్మకపోతే నాకు నిద్ర పట్టదు కాబట్టి నమ్ముతున్నాను.

మీ ఉత్తరం శనివారం అందింది. మూడు ఊళ్లలోనూ హాళ్లు నిండాయని, మూడో ఊళ్లో జనం కుర్చీల మీదికెక్కి చప్పట్లు కొట్టారని రాశారు. అత్తయ్యకు ఆ ముక్క నాలుగుసార్లు చదివి వినిపించాను. నాలుగోసారి "ఎక్కినవాళ్లు దిగారా, కుర్చీలు విరగ్గొట్టారా?" అని అడిగారు. అది మీరు రాయలేదు.

మన రికార్డు రేడియోలో వేశారా అని అడిగారు. వేశారు. రెండో వైపున ఉన్న పద్దెనిమిది నిమిషాల పాట మధ్యలో ఎక్కడా కోయకుండా వేశారు. వేసేముందు అనౌన్సరు, ఇంత పొడుగు పాట, అందులోనూ మాటలే లేని పాట తమ స్టేషన్లో ఎప్పుడూ వేయలేదని, విసుగనిపిస్తే ఉత్తరం రాయమని అన్నాడు. వారం తిరిగేలోగా నలభై ఉత్తరాలు వచ్చాయట. అన్నీ మళ్లీ వేయమనే. అత్తయ్య మొదటి ఐదు నిమిషాలు "మాటలెప్పుడొస్తాయే?" అని అడుగుతూనే ఉన్నారు. పదో నిమిషానికి అడగడం మానేశారు. అయిపోయాక, "ఆ దబదబలన్నీ మావాడివేనా?" అన్నారు. మీవేనన్నాను. "చిన్నప్పుడు గిన్నెలన్నీ సొట్టలు పెడుతున్నాడని వీపు మీద నాలుగేశాను. రెండు తగ్గించి ఉండాల్సింది" అన్నారు. అంతకు మించి మెచ్చుకోలు ఆవిడ నోట నేను వినలేదు.

మీ ప్రెస్సు యజమాని ఏమంటున్నాడని అడిగారు. డబ్బాలు వాయించుకోవడానికి కూడా సెలవా అని మిమ్మల్ని వెక్కిరించిన మనిషి, ఇప్పుడు రికార్డు అట్టను అద్దాల పటం కట్టించి తన కుర్చీ వెనక తగిలించుకున్నాడు. వచ్చినవాళ్లందరికీ "ఇది మన ప్రెస్సులో అచ్చయిందే, రంగులు నేనే దగ్గరుండి చూశాను" అంటున్నాడట. సెలవు ఇంకో పది రోజులు కావాలన్నా ఇస్తానని కబురు పంపాడు. మూలమీది రికార్డుల షాపులో మనవి ఒక్కటి కూడా మిగల్లేదు. షాపాయన అరలో ఖాళీగా ఉన్న చోట "మళ్లీ వస్తాయి" అని చీటీ పెట్టాడు. రోజూ ఆ దారిన వెళ్లేటప్పుడు ఆ చీటీ చూస్తాను. నాకేదో బహుమతి ఇచ్చినట్టుంటుంది.

నా పని బాగానే ఉంది. టైలరు వారానికి వంద చొక్కాలకు కాజాలు ఇస్తున్నాడు. మీరు లేరు కదా, సాధన గది తలుపు తీసే పెట్టుకుని ఆ గుమ్మంలోనే కూర్చుని కుడుతున్నాను. చప్పుడు బయటికి పోకుండా గోడలకు మీరు కొట్టిన పాత పరుపులు ఊడదీసి ఎండలో దులిపాను. ఎంత దుమ్మో! మీ ముగ్గురూ ఇన్నాళ్లూ అందులో ఎలా ఊపిరి పీల్చారో తెలియదు.

ఇక మీ ఆఖరి ప్రశ్న. "రికార్డు బయటికొచ్చి నెలన్నర దాటింది. వాడి గొంతు నాలుగో పాటలో ఉంది, వాడి పేరు అట్ట మీద ఉంది. ఇంతవరకూ ఒక్క ముక్క రాయలేదు. అప్పుడూ కబురు లేదు, ఇప్పుడూ లేదు. పదేళ్ల స్నేహం. నీకేమనిపిస్తోంది?" అని రాశారు.

దీనికి జవాబు రాయడానికి మూడు రోజులు పట్టింది. ఎదురుగా నిలబడి చెప్పే ధైర్యం నాకు లేదని మీకు తెలుసు. కాగితం నా మొహం చూడదు కాబట్టి రాయగలుగుతున్నాను. దయచేసి ఇది ఒక్కరే కూర్చుని చదవండి. మరిదిగారు భుజం మీద నుంచి తొంగి చూస్తుంటే అవతలికి పంపండి.

మీతో పాడే కోకిలగారు గొడవపడి వెళ్లిపోయిన రోజు మీకు గుర్తుంది. పాటలు పొడుగైపోతున్నాయి, నేను పాడేది తగ్గిపోతోంది, మీ వాయింపుల మధ్య నన్ను దిష్టిబొమ్మలా నిలబెడతారా అని తలుపు ధడాలున వేసి పోయారు. రికార్డింగుకు ఇంకా ఐదు వారాలుంది. ఆ తర్వాత మీరు ముగ్గురూ రోజూ సాధన చేశారు. నేను బయట వరండాలో కాజాలు కుడుతూ వినేదాన్ని. ఆయన పాడే చోటు రాగానే మీ ముగ్గురి చేతులూ మెత్తబడేవి. అక్కడ గొంతు లేదు. అయినా మీరు దానికి దారి వదిలి పక్కకు జరిగేవారు. భోజనాల దగ్గర రాని చుట్టానికి విస్తరి వేసి అందరూ చేతులు కట్టుకుని కూర్చున్నట్టుండేది.

ఒకరోజు మంచినీళ్లకు వచ్చిన మరిదిగారితో, "అక్కడ ఎందుకాగుతున్నారు? ఎవరూ రావట్లేదు కదా" అన్నాను. ఆయన నీళ్లు తాగకుండానే గ్లాసు అక్కడ పెట్టేశారు. లోపలికి వెళ్లి మీతో ఏం చెప్పారో గానీ, మళ్లీ మొదలుపెట్టాక మీరు ఎక్కడా ఆగలేదు. ఖాళీగా వదిలిన చోట్లలోకి మీ డ్రమ్ములు వచ్చాయి, వాటి మీదుగా కీబోర్డు వచ్చింది, పొడుగాయన గిటారు రెండింటినీ లాక్కుని ఎక్కడికో వెళ్లిపోయింది. నేను సూది ఆపేశాను. పెళ్లయిన మూడేళ్లలో మీ వాయింపు విని సూది ఆపడం అదే మొదలు. ఆ సాయంత్రం మీరు, "మీ వదినకు చెవులున్నాయిరోయ్!" అని మరిదిగారితో అన్నారు. వంటగదిలో నాకు వినిపించింది. ఆ మాటే తలుచుకుంటూ రెండు రోజులు తిరిగాను.

మూడో రోజు పొద్దున పదింటికి కోకిలగారు వచ్చారు.

మీరు ప్రెస్సులో ఉన్నారు. మరిదిగారు కీబోర్డు బాగుచేయించడానికి వెళ్లారు. అత్తయ్య మోకాలు చూపించుకోవడానికి ఆసుపత్రికి వెళ్లారు. ఆయన లోపలికి రాకుండా గుమ్మం దగ్గరే నిలబడి, "చెల్లెమ్మా, మీ ఆయనతో చెప్పు. కోపంలో నోరు జారాను. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఆదివారం లోపు ఒకసారి నా గదికి రమ్మను. రాకపోతే ఇక నేను వద్దనుకున్నాడని అర్థం చేసుకుంటా" అన్నారు. నేను తల ఊపాను. ఆయన వెళ్లిపోయారు.

సాయంత్రం మీరొచ్చి చేతులు కడుక్కుంటూ, "ఏంటి విశేషాలు?" అని అడిగారు. "ఏం లేవండీ" అన్నాను.

ఆదివారం వచ్చింది, వెళ్లింది. నేను చెప్పలేదు.

మరచిపోలేదు. భయపడీ కాదు. ఆయన వస్తే మీ ముగ్గురూ మళ్లీ పక్కకు జరిగి దారి వదులుతారని అనిపించింది. అంతకు రెండు రోజుల ముందు నేను విన్నది ఇక ఎవరూ వినరనిపించింది. ఇంకో కారణం కూడా ఉంది, దాన్ని దాస్తే ఈ ఉత్తరం రాసి ప్రయోజనం లేదు. ఆ మార్పు నా మాట వల్ల జరిగింది. ఐదో తరగతితో బడి మానేసినదాని మాట విని ముగ్గురు సంగీతం తెలిసినవాళ్లు పాట మార్చారు. అది పోగొట్టుకోవడం ఇష్టం లేకపోయింది.

తర్వాత మీరు సాధన క్యాసెట్లు వెతికి, ఆయన పాడిన రెండు నిమిషాల ముక్క తీసి, "వాడి గొంతు లేకుండా మన మొదటి రికార్డు బయటికి రాకూడదు" అని నాలుగో పాటలో పెట్టారు. అప్పుడైనా చెప్పాల్సింది. "ఒక్క కబురైనా పంపలేదు చూశావా?" అని మీరు ఎన్నిసార్లన్నారో లెక్కలేదు. అన్నిసార్లూ నేను చొక్కా మీదికి తల వంచుకున్నాను. ఆయన కబురు పంపారండీ. అది నా దగ్గర ఆగిపోయింది.

నిన్న ఆయన మళ్లీ వచ్చారు, చంకలో మన రికార్డుతో. ఈసారి అత్తయ్య ఇంట్లోనే ఉన్నారు.

"రావయ్యా కోకిలా! ఇన్నాళ్లకు తెలిసిందా ఇల్లు?" అన్నారు అత్తయ్య.

"ఇల్లు తెలుసు పిన్నీ. ఇంట్లోవాళ్ల మనసే తెలియలేదు" అన్నారాయన. తర్వాత అట్ట తిప్పి తన పేరు మీద వేలు పెట్టి నన్ను అడిగారు. "చెల్లెమ్మా, నన్ను వద్దనుకున్నవాడు నా గొంతు ఎందుకు పెట్టుకున్నాడు? నా పేరు ఎందుకు వేశాడు? ఆ రోజు నేను చెప్పమన్నది వాడికి చెప్పావా?"

చెప్పానని అనొచ్చు. మరచిపోయానని కూడా అనొచ్చు. రెండూ నోటి దాకా వచ్చాయి.

"చెప్పలేదు" అన్నాను. "కావాలనే చెప్పలేదు."

అత్తయ్య చేతిలో ఉన్న మందు సీసా కింద పెట్టేశారు. ఆయన గుమ్మంలోనే మెట్టు మీద కూర్చున్నారు. అరుస్తారనుకున్నాను. అరిస్తే తేలిగ్గా ఉండేది.

"ఎందుకమ్మా?" అన్నారు మెల్లగా.

చెప్పాను. పైన రాసినదంతా, ఇదే వరసలో కాకపోయినా, చెప్పాను. చెంగు మెలిపెడుతూనే ఉన్నాను, కానీ మధ్యలో ఆపలేదు. అంతా విని ఆయన, "అయితే నేనుంటే ఈ రికార్డు పాడయ్యేదంటావా?" అని అడిగారు.

"పాడయ్యేది కాదు. మీ రికార్డు అయ్యేది. ఇప్పుడిది వాళ్లది" అన్నాను.

"ఓరి నాయనో, దీనికి నోరుందిరా!" అన్నారు అత్తయ్య.

ఆయన నవ్వారు. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నారు. "మూడుసార్లు విన్నాను పిన్నీ. నేను పాడాల్సిన చోటు ఎక్కడుందా అని వెతుక్కుంటూ విన్నాను. దొరకలేదు. ఒళ్లు మండాలి కదా? మండలేదు. నాలుగో పాటలో నా గొంతు రాగానే, అన్నాళ్లూ లోపల కుమిలింది ఒక్కసారిగా వెళ్లిపోయింది" అన్నారు. తర్వాత నా వైపు తిరిగి, "సంగీతం సంగతి సరే. కానీ మూడు నెలలు నా స్నేహితుడు నన్ను వదిలేశాడనుకుని బతికాను. అది నువ్వు చేసిన పనే చెల్లెమ్మా" అన్నారు.

అవునన్నాను.

ఆదివారం మీరు వాయించే ఊరికి ఆయన వస్తున్నారు. మిమ్మల్ని కలిసి మాట్లాడాలట. "మావారు ఈ సంగతి మీ నోట వినకూడదు, నా నుంచే తెలియాలి. ఉత్తరం అందేదాకా ఆగండి" అని బతిమాలాను. శుక్రవారం దాటాకే బయలుదేరతానని మాటిచ్చారు. అందుకే కాజాలు పక్కన పెట్టి ఇది రాస్తున్నాను.

మీకు కోపం వస్తుంది, రావాలి కూడా. మీ స్నేహితుడి కబురు దాచినందుకు, మీరు బాధపడుతుంటే చూస్తూ ఊరుకున్నందుకు నన్ను క్షమించమని రెండు చేతులూ జోడించి అడుగుతున్నాను. ఆ తప్పు నాది, పూర్తిగా నాది. అత్తయ్య కూడా నిన్న రాత్రంతా నాతో మాట్లాడలేదు. పొద్దున మాత్రం కాఫీ గ్లాసు నా పక్కన పెట్టి వెళ్లారు.

కానీ ఆ రికార్డు అలా వచ్చినందుకు మాత్రం నేను క్షమాపణ అడగను. అది బాగుంది. ఆ రెండు నిమిషాలు తప్ప మాటలు లేకపోయినా బాగుంది, లేకపోవడం వల్లే ఇంకా బాగుంది. మీరెప్పుడు అడిగినా "బాగుందండీ" అని ఒక్క మాటతో తప్పించుకునేదాన్ని. ఇప్పుడు పూర్తిగా చెబుతున్నాను. ఆ పద్దెనిమిది నిమిషాల్లో మీరు వాయించినట్టు ఎవరైనా వాయించగా నేను వినలేదు. రెండో రికార్డులో కోకిలగారు పాడతానంటే పాడనివ్వండి. కానీ ముందు పాట కట్టుకోండి, తర్వాత ఆయన్ని పిలవండి. ఇది మీరు అడగకుండా నేను చెబుతున్న మొదటి సలహా. నచ్చకపోతే ఉత్తరంతో పాటు మడిచి పెట్టేయండి.

ఆదివారం పొద్దున రైలుకు అత్తయ్యా నేనూ వస్తున్నాం. టిక్కెట్లు తీసుకున్నాను. రైలు పదకొండున్నరకు చేరుతుంది. మీరు స్టేషనుకు వస్తే కోపం సగం తగ్గిందనుకుంటాను. రాకపోతే తగ్గలేదనుకుంటాను. రాకపోయినా ఫరవాలేదు. ఎవరో ఒకరిని అడిగి, మీ హాలు ఎక్కడుందో కనుక్కుని, అత్తయ్య చెయ్యి పట్టుకుని ముందు వరుసలో వచ్చి కూర్చుంటాను.

ఇట్లు,
నా తప్పూ, మీ రికార్డు గర్వమూ రెండూ మోస్తున్న
మీ ఇంటావిడ