బ్రోచర్‌లో నూట ఎనభై

మార్చి 2, ఆదివారం. సాయంత్రం 5:20

తీర్మానం రాసేశాను. పెన్నుతో! పెన్సిల్‌తో రాస్తే రెండో రోజుకే రబ్బరు కోసం వెతుకుతాను, నా సంగతి నాకు తెలుసు.

"ఈ నెలాఖరులోగా మా కారు అసలు టాప్ స్పీడ్ ఎంతో స్వయంగా కొలిచి, సాక్ష్యంతో సహా మా తోడల్లుడి ముందు పెడతాను."

కారణం: మధ్యాహ్నం అత్తయ్య ఇంట్లో భోజనం. తోడల్లుడు, అంటే మా ఆవిడ అక్క భర్త, పళ్ల డాక్టరు. రోజంతా ఎదుటివాళ్ల నోరు తెరిపించి, మాటలు మాత్రం తానే మాట్లాడే వృత్తి. ఆ అలవాటు భోజనాల బల్ల దగ్గరికీ వచ్చింది. మనసులో నేనాయనకు పెట్టిన పేరు సర్వజ్ఞుడు. పైకి మాత్రం "అన్నయ్యా" అనే.

మా ఇద్దరిదీ ఒకే కారు. ఒకే మోడల్. చిన్న కారుకు ఎత్తు చెప్పులు తొడిగినట్టుండే కాంపాక్ట్ క్రాసోవర్. ఆయన ఆరు నెలలు ముందు కొన్నారు కాబట్టి అందులోనూ నాకు సీనియరే.

నేను: "బ్రోచర్‌లో నూట ఎనభై అని రాశారు అన్నయ్యా."

ఆయన: "బ్రోచర్ కాగితం తమ్ముడూ, కారు ఇనుము. అసలు రోడ్డు మీద నూట ఇరవై. అంతే. నేను స్వయంగా తొక్కి చూశా. నూట ఇరవై దగ్గర ముల్లు చచ్చినా కదల్లేదు."

అందరూ తల ఊపారు. కారు ఎక్కగానే కళ్లు మూసుకునే అత్తయ్య కూడా ఊపింది.

ఇరవై ఒక్క ఏళ్లుగా ఆ బల్ల దగ్గర నా మాట ఒక్కసారి నెగ్గలేదు. వానకైనా, వడ్డీకైనా, మోకాలి నొప్పికైనా ఆఖరి మాట ఆయనదే. ఈసారి నా దగ్గర అంకె ఉంది. అంకెకు ఎదురు చెప్పేదెవరు?

పందెం: నూట ఇరవై దాటితే నేను గెలిచినట్టు. వచ్చే నెల అందరం సముద్రానికి వెళ్తున్నాం. గెలిచినవాడి కారు, గెలిచినవాడి డ్రైవింగు. ఓడినవాడు వెనక సీట్లో మధ్యలో, అత్తయ్య సంచి ఒళ్లో పెట్టుకుని, ఆరు గంటలు. అంతకుముందు అందరి ఎదుట ఒక వాక్యం చెప్పాలి: "నాకు కార్ల గురించి ఏమీ తెలియదు."

పాపం అన్నయ్య. ఆయన కాళ్లు పొడుగు.

మార్చి 3, సోమవారం. ఉదయం 6:10

శుభారంభం! కారు తుడిచాను. అద్దాలు కూడా.

ఎక్కగానే తెర మీద నారింజ రంగులో చిన్న తాళంచెవి బొమ్మ వెలిగింది. కొన్న రోజు నుంచీ అంతే. యజమానిని గుర్తుపట్టిందన్నమాట. మా ఇంట్లో నాకు ఆ మాత్రం గౌరవం ఇచ్చేది ఇదొక్కటే.

లక్ష్యం: 180.
ఈ రోజు గరిష్ఠ వేగం: 34. ముందు స్కూలు బస్సు.

మార్చి 5, బుధవారం. రాత్రి 7:40

గరిష్ఠ వేగం: 41!! ఏడు పెరిగింది. ఈ లెక్కన పోతే నెలాఖరుకు నూట ఎనభై ఏం ఖర్మ.

సిగ్నల్ దగ్గర ఖాళీగా ఉండి, కారులో బటన్లు నొక్కుతుంటే ఒక వివరం దొరికింది. కొన్నప్పటి నుంచి ఇప్పటిదాకా, పదకొండు నెలల సగటు వేగం: గంటకు 19 కిలోమీటర్లు.

నా ఉద్యోగం లిఫ్టుల తనిఖీ. నిన్న చూసిన నలభై అంతస్తుల భవనంలో లిఫ్టు వేగం సెకనుకు ఆరు మీటర్లు. గంటకు ఇరవై ఒకటిన్నర కిలోమీటర్లు. అంటే నా కారు కంటే లిఫ్టు ఫాస్టు. అదీ నిలువుగా, పన్నెండు మందిని మోసుకుంటూ.

ఈ విషయం అన్నయ్యకు తెలియకూడదు.

మార్చి 8, శనివారం. ఉదయం 10:00

లోపం కనిపెట్టాను. బరువు! డిక్కీలో దొరికినవి:

మడత కుర్చీలు రెండు
గొడుగులు నాలుగు (ఒకటి మనది కాదు)
బట్టల సబ్బు పొడి, ఐదు కిలోల డబ్బా
తెగిన లిఫ్టు తాడు ముక్క (నాదే)
అమ్మాయి ఎనిమిదో తరగతి సైన్సు ప్రాజెక్టు. అమ్మాయికిప్పుడు పంతొమ్మిది. కారు వయసు పదకొండు నెలలు. ఎలా వచ్చిందో!

మొత్తం దించి వరండాలో పెట్టాను. మా ఆవిడ వచ్చి చూసింది.

"ఇవన్నీ ఎందుకు దించారు?"

"వేగం కోసం."

"ముందు మీరు దిగండి. అన్నిటికంటే ఎక్కువ తూగేది మీరే."

మధ్యాహ్నానికి అన్నీ మళ్లీ డిక్కీలో ఉన్నాయి. అదనంగా ఒక బకెట్.

గరిష్ఠ వేగం: 0. కారు తియ్యలేదు.

మార్చి 11, మంగళవారం. ఉదయం 8:15

బైపాస్ రోడ్డు! ఖాళీ! 78!!

ఎనభై దాటేవాణ్ని. కానీ అక్కడ బోర్డు మీద ఎనభై అని రాసి ఉంది, నేను చట్టాన్ని గౌరవించే మనిషిని. అరచేతులకు చెమట పట్టిన మాట నిజమే. ఏసీ సరిగ్గా పనిచేయడం లేదు.

లక్ష్యం: 150. నూట ఎనభై అనేది ఎవరూ లేని ఎడారిలో, గాలి వెనక నుంచి తోస్తే వచ్చే అంకె. మనం వాస్తవంలో బతకాలి.

మార్చి 14, శుక్రవారం. మధ్యాహ్నం 1:30

రోడ్డు మీద కుదరదు. ఎక్కడ చూసినా బోర్డులు, గుంతలు, మనుషులు. దేశంలో నా కారొక్కటే ఉంటే ఈపాటికి తేలిపోయేది.

నిన్న మా ఆవిడతో అన్నాను, "పోనీ, పందెం వదిలేద్దామా?" అని.

"వదిలెయ్యండి. సంచి మాత్రం జాగ్రత్తగా పట్టుకోండి, అందులో అమ్మ కళ్లజోడు ఉంటుంది."

వదలను!

సాయంత్రం 4:45. దొరికింది!!! ఊరి బయట పాత విమానాల రన్‌వే ఉంది. అక్కడ మోటారు క్లబ్బువాళ్లు నెలకోసారి ఎవరి కారు వాళ్లు తోలుకునే రోజు పెడతారట. ఎదురు వచ్చేవాళ్లుండరు. హెల్మెట్ వాళ్లదే, కొలిచే యంత్రం వాళ్లదే. 23వ తేదీ. పేరు ఇచ్చేశాను.

అన్నయ్యకు ఫోన్ చేశాను. "తప్పకుండా వస్తాను తమ్ముడూ, నువ్వు ఓడిపోవడం నేను దగ్గరుండి చూడకపోతే బాగుండదు" అన్నారు.

మార్చి 17, సోమవారం. ఉదయం 11:20

ఒక భవనం యజమానితో గట్టిగా వాదన. లిఫ్టు లోపల పది మంది అని పలక బిగించాడు కాబట్టి పది మందిని ఎక్కిస్తాడట. నా ధోరణిలో నేను చెప్పాను: "పలక మీద రాసింది నమ్మకండి. కొలిచి చూసిందే నమ్మండి."

ఇరవై ఏళ్లుగా ఊరందరికీ చెప్పే మాట ఇది. బ్రోచర్ చేతికిస్తే మాత్రం వేదంలా కళ్లకద్దుకున్నాను. ఆ యజమాని నా మొహం కేసి చూస్తుంటే, నా పందెం సంగతి ఎవరో చెప్పేశారేమో అనిపించింది.

మార్చి 20, గురువారం. సాయంత్రం 6:00

టైర్లలో గాలి కొట్టించాను. లక్ష్యం: 121. గెలవడానికి అది చాలు. ఎక్కువ ఆశ మంచిది కాదని పెద్దలు ఊరికే అన్నారా!

అమ్మాయి దగ్గర రెండో తాళంచెవి ఉంది, నీలం రిబ్బను కట్టుకుంది. ఈ మధ్యే లైసెన్సు వచ్చింది.

"నాన్నా, ఆదివారం నా తాళం తీసుకెళ్తావా?"

"ఏ తాళమైతే ఏంటమ్మా, కదిలేది ఆ బండేగా."

అది వాళ్లమ్మ వైపు చూసింది. వాళ్లమ్మ కడిగిన గ్లాసునే మళ్లీ కడిగింది. ఇద్దరూ నవ్వుకున్నారు. ఈ నవ్వులకు అర్థాలు వెతికే తీరిక నాకు లేదు.

మార్చి 23, ఆదివారం. మధ్యాహ్నం 12:10

రాయాలని లేదు. రాస్తాను.

హెల్మెట్ బిగుతు. రన్‌వే రెండు కిలోమీటర్లు. పక్కన కంచె దగ్గర అన్నయ్య, నల్ల కళ్లద్దాలు, చేతులు కట్టుకుని. వదిన, మా ఆవిడ ఒక గొడుగు కింద.

జెండా ఊపారు. తొక్కాను.

అరవై. ఎనభై. వంద. వంద దాటాక భయమేసింది. ఇది ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను, చాలా భయమేసింది. కానీ కాలు తియ్యలేదు. నూట పది. నూట పదిహేను. నూట ఇరవై.

నూట ఇరవై. నూట ఇరవై. నూట ఇరవై!

కాలు నేలకు ఆనింది. ముల్లు కదల్లేదు. చిత్రమేమిటంటే ఇంజిను ఆయాసపడటం లేదు. ఎవరో వెనక నుంచి చొక్కా పట్టుకుని ఆపినట్టుంది. లిఫ్టు ఇలా చేస్తే గవర్నర్ పట్టుకుందని రిపోర్టు రాసేవాణ్ని. గవర్నర్ అంటే హద్దు మీరకుండా ఆపే పరికరం. కారులో అదెందుకుంటుంది?

క్లబ్బు ఆయన చీటీ ఇచ్చాడు: 114.

"మీటర్లో నూట ఇరవై చూపించింది కదండీ?"

"మీటర్లు కాస్త ఎక్కువే చూపిస్తాయి సార్. మనం సంతోషపడాలని."

సర్వజ్ఞుడు చీటీ తీసుకుని ఎండకు ఎత్తి చూశారు. "నూట పద్నాలుగా! నేనే ఎక్కువ చెప్పినట్టున్నానే." భుజం తట్టారు. తిడితే బాగుండేది.

అత్తయ్య ఇంట్లో భోజనానికి ముందే వాక్యం చెప్పేశాను. అత్తయ్య సరిగ్గా వినపడలేదంది. మళ్లీ చెప్పాను.

మార్చి 24, సోమవారం. సాయంత్రం 5:50

నిద్ర పట్టలేదు. ఆ ఇంజిను చప్పుడే చెవుల్లో. ఆయాసం లేని ఇంజిను ఆగడమేమిటి?

మధ్యాహ్నం కారులో కూర్చుని మాన్యువల్ తీశాను. పదకొండు నెలలుగా ప్లాస్టిక్ కవరులో భద్రంగా ఉంది. 212వ పేజీ. నారింజ రంగు తాళంచెవి బొమ్మ. పక్కన: "వేగ పరిమితి విధించిన తాళంచెవి వాడుకలో ఉంది. (ఇంట్లో కొత్తగా నడిపే పిల్లల కోసం.)"

యజమానిని గుర్తుపట్టిందట!

ఇంటికొచ్చాను. మా ఆవిడ వంటింట్లో ఉంది. పేజీ చూపించాను.

"ఎవరి పని ఇది?"

"నాదే." కనీసం వెనక్కి తిరగలేదు. "షోరూంలో మీరు బండికి ఆనుకుని ఫోటోలు దిగుతున్నప్పుడు. ఎంత పెట్టమంటారు మేడమ్ అన్నాడు సేల్స్ అబ్బాయి. నూట ఇరవై చాలన్నాను."

"అమ్మాయి కోసమైతే దాని తాళానికి కదా పెట్టాలి!"

"దానికెందుకు? అది బుద్ధిగా నడుపుతుంది."

"నేను ఎనభై దాటనని నీకు తెలుసు కదా!"

"మీ అంతట మీరు దాటరు. బావ ఒక మాట అన్నాడంటే దాటుతారు."

మాన్యువల్ మూసి బల్ల మీద పెట్టాను.

ఆవిడ స్టవ్ కట్టేసి ఇటు తిరిగింది. "ప్రతి లిఫ్టుకీ మీరు గవర్నర్ పెట్టించడం లేదా? దాని అవసరం రాకూడదు, కానీ ఉండాలి అంటారుగా. పొద్దున మీరు బయటికి వెళ్తే సాయంత్రం తిరిగి రావాలి. నాకు అంతకంటే ఏం వద్దు."

కోపంగా ఉండాలని చాలా ప్రయత్నించాను. కుదరలేదు.

అయినా పందెం పందెమే. "ఫోన్ ఇటివ్వు, అన్నయ్యకు ఇప్పుడే చెప్పేస్తా."

"చెప్పండి. ఏమని చెబుతారు? మా ఆవిడ నాకు తాళం వేసిందనా?"

కుడితిలో పడ్డ ఎలుకనయ్యాను. నిజం చెబితే పరువు పోతుంది, చెప్పకపోతే మధ్య సీటు.

"ఇంకోటి," అంది, "బావకు చెబితే అక్క ఊరుకోదు."

"మధ్యలో వదినకేం సంబంధం?"

"ఆలోచన ఎవరిదనుకున్నారు?"

అన్నయ్య కారు గుర్తొచ్చింది. ఆరు నెలల ముందు కొన్న కారు. అదే మోడల్. నూట ఇరవై దగ్గర చచ్చినా కదలని ముల్లు.

తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడు ఉంటాడంటారు. ఇక్కడ తన్నేవాళ్లిద్దరూ అక్కాచెల్లెళ్లు.

ఎవరికీ చెప్పనని మాటిచ్చాను.

ఏప్రిల్ 6, ఆదివారం. సాయంత్రం 5:00. సముద్రం

ఉదయం ఎనిమిదింటికి అన్నయ్య కారులో బయలుదేరాం. నేను వెనక, మధ్యలో. ఒళ్లో సంచి. ఎడమ పక్క అత్తయ్య, కళ్లు మూసుకుని. కుడి పక్క మా ఆవిడ. ముందు వదిన.

అన్నయ్య బండి స్టార్ట్ చేశారు. తెర మీద నారింజ రంగు తాళంచెవి బొమ్మ వెలిగింది.

"ఇది చూశావా తమ్ముడూ? బండి మనిషిని గుర్తుపట్టిందని అర్థం. చాలామందికి తెలియదు."

వదిన కిటికీ బయటికి చూసింది. మా ఆవిడ నా కాలు తొక్కింది.

"నిజమే అన్నయ్యా," అన్నాను.

హైవే మీద తొంభై ఐదులో పోతూ, "ఇంకో పాతిక ఉంది దీంట్లో. ఆ పైన ఎవడి తరమూ కాదు" అన్నారు. గంటన్నర ఇంజిన్ల శాస్త్రం చెప్పారు. ఒక్క మాటకూ అడ్డు రాలేదు. నా మోకాళ్లు గడ్డానికి తగులుతున్నాయి, సంచిలోంచి ఏదో గుచ్చుకుంటోంది, అయినా ఇంత హాయిగా ఎప్పుడూ ప్రయాణం చేయలేదు. ఇరవై ఒక్క ఏళ్లలో మొదటిసారి, నాకు తెలిసి ఆయనకు తెలియని విషయం ఒకటుంది.

దిగేటప్పుడు అత్తయ్య కళ్లు తెరిచి అంది, "నా అల్లుళ్లిద్దరూ బంగారం. ఒక్కడూ హద్దు దాటడు." కూతుళ్లిద్దరి వైపూ చూసి మరీ అంది. ఈవిడకు కూడా తెలుసా?

ఏప్రిల్ 7, సోమవారం. ఉదయం 6:30

కొత్త తీర్మానం. పెన్నుతో!

"27వ తేదీన మళ్లీ రన్‌వే. ఈసారి నీలం రిబ్బను తాళంతో. అన్నయ్యకు చెప్పను. పందెం లేదు. నా కోసం ఒక్కసారి, మీటర్లో 121."

మా ఆవిడను అడిగాను. "నన్నడగకండి, ఆ తాళం దానిది" అంది. అంటే ఒప్పుకున్నట్టే.

అమ్మాయిని అడిగాను. పుస్తకం మూసి నా కేసి చూసింది.

"ఎక్కడికి?"

"రన్‌వేకి."

"ఎవరెవరు వస్తున్నారు?"

"నేనొక్కణ్నే."

"ఎన్నింటికి తిరిగొస్తావు?"

"మధ్యాహ్నానికల్లా."

"చేరగానే ఫోన్ చెయ్యాలి. అయినా ఇప్పుడే ఇవ్వను నాన్నా. ముందు నాలుగు రోజులు పక్కన కూర్చుని చూస్తాను, ఎలా నడుపుతావో."

రేపు ఉదయం ఆరింటికి మొదటి క్లాసు. వేళకు రాకపోతే క్లాసు లేదంది.