నీ పుండులోని క్రిమి

శీనూ,

నువ్వు పోయి నేటికి ఏడాది. మదీనాగూడలో మా ఇంటి కిటికీలు అదురుతూనే ఉన్నాయి. అటువైపు కొత్త ఆఫీసుల కోసం బండలు పేలుస్తున్నారు.

నీ కాలి పుండుకు ఏ మందూ పనిచేయనప్పుడు మీ బావ అక్కడి డాక్టరుగారిని అడిగి, అందులోని క్రిమిని తమ ల్యాబుకు తీసుకెళ్లారు. వాళ్లు తయారుచేసే కొత్త మందులన్నీ దాని మీద పరీక్షిస్తున్నారు. ఆ మధ్య ఒక పొడి పెడితే, గాజు పళ్లెంలో దాని చుట్టూ ఉన్న క్రిములన్నీ చచ్చాయట. ఆ రోజు ఆయన మైసూర్‌పాక్ తెచ్చారు. నేను దేవుడి దగ్గర పెట్టాను.

నిన్న సాయంత్రం ముఖం వేలాడేసుకుని వచ్చారు.

"ఆ పొడి పనికిరాదు. ఎలుకలకు ఇచ్చి చూస్తే తట్టుకోలేకపోయాయి. మళ్లీ మొదటికొచ్చాం."

ఆయన పని గురించి నేనెప్పుడూ నోరెత్తలేదు. నిన్న అడిగాను.

"ఆ క్రిమి ఇంకా బతికే ఉందాండీ?"

"ఫ్రిజ్‌లో ఉంది. అప్పుడప్పుడూ తీసి కొత్త మేత మీదకు మారుస్తాం."

"మేత కూడానా? మా తమ్ముణ్ణి తిన్నది చాలలేదా దానికి? తగలబెట్టెయ్యండి."

ఆయన కోప్పడలేదు. "తగలబెడితే, రేపు చేసే పొడి దాన్ని చంపుతుందో లేదో ఎలా తెలుస్తుంది సుజాతా? శీను లాంటి వాళ్లు ఆసుపత్రిలో ఇంకా ఉన్నారు."

అన్నం వడ్డించాను. ఇద్దరం సరిగా తినలేదు.

ఈ ఉదయం ఆయన బయల్దేరుతుంటే గుమ్మం దాకా వెళ్లి, "దాన్ని జాగ్రత్తగా చూసుకోండి" అన్నాను. నిన్ను ఆసుపత్రిలో వదిలి ఇంటికొచ్చేటప్పుడు నర్సమ్మతో చెప్పింది కూడా ఆ మాటే, శీనూ.

అక్క