గోడవతల పడ్డ నల్లముద్ద

అక్కన్నపేట,
డిసెంబర్ 2

చిరంజీవి రజినికి నాగేశం కాక దీవించి రాస్తున్నది.

ఈడ నేను, మీ చిన్నమ్మ మంచిగున్నం. ఫోన్ చెయ్యొచ్చు గద అంటవు. ముప్పై నాలుగేండ్లు పోస్ట్‌మన్ నౌకరి చేసినోన్ని బిడ్డా. ఫోన్ల మాట గాలికి పోతది, కాయితం మీదిది బీరువల ఉంటది. సిద్దిపేటల మా ఇల్లు నీకు కిరాయికిచ్చిన నాడే చెప్పిన, ఏదున్నా ఉత్తరమే అని.

సంగతేందంటే, నీ పక్కింటి లక్ష్మీరాజం బస్సెక్కి ఈడిదాక వచ్చి పోయిండు. పొద్దుగూకంగ నువ్వు డాబా మీద కుంపట్ల నిప్పులేస్తవట. తెల్లగ మెత్తగ ఏందో పుల్లకు గుచ్చి తిప్పుతవట. తిప్పుకుంట పెదవులు కదిలిస్తవట. ఒకటి నల్లగ కాలి ఆయన వాకిట్ల తులసి గద్దె కాడ పడ్డదట. ఆయన దాన్ని చీపురుతోని సుత ముట్టలే, మీద గిన్నె బోర్లేసి పెట్టిండట.

నాకు నీ మీద అనుమానం లేదు. ఉత్తగ అడుగుతున్న. ఏందది?

నీ కాక,
నాగేశం

తా.క.: నిమ్మకాయ సుత కనబడ్డదంటుండు. నిమ్మకాయ ఎందుకు?


సిద్దిపేట,
డిసెంబర్ 4

నాగేశం కాకకు, అమృతమ్మ చిన్నమ్మకు రజిని దండాలు.

నవ్వాల్నో ఏడ్వాల్నో తెలుస్తలేదు కాకా. అది తినేది! స్మోర్స్ అంటరు. మా బిడ్డ వర్షిత బడిల శనివారం వంటల పండుగ. ఎవ్వరూ చెయ్యంది చేస్తనని పేరిచ్చింది. పేరిచ్చింది ఆమె, చేతులు కాల్చుకునేది నేను.

మార్ష్‌మాలో అని చక్కెరతోని చేసిన మెత్తటి బిళ్ళ ఉంటది. దాన్ని కాల్చి, చాక్లెట్ ముక్కతోని రెండు బిస్కట్ల నడుమ పెట్టి ఒత్తాలె. మొదటిసారి మంటల పెట్టిన, భగ్గున అంటుకున్నది. భయపడి పుల్ల విదిలిస్తే ముద్ద గోడ దాటింది. ఇప్పుడు కిటుకు దొరికింది. మంట మీద కాదు, బూడిద పట్టిన నిప్పుల మీద జానెడు ఎత్తున పట్టి తిప్పాలె, ముప్పై లెక్కబెట్టేదాక. పెదవులు కదిలేది గందుకే. బిస్కట్లు సుత ముందే వెచ్చజెయ్యాలె, లేకుంటే చాక్లెట్ కరగదు. వర్షిత అయితే చాక్లెట్ తీసేసి పల్లిపట్టి పెట్టింది. ఏమన్న రుచా కాకా!

మీరే తిని చూడున్రి. బస్సుల వస్తున్న తెలిసినాయన చేతికి ఒక ప్యాకెట్ ఇచ్చిన.

మీ బిడ్డ లెక్క,
రజిని

తా.క.: నిమ్మకాయ పులిహోరలకు.


అక్కన్నపేట,
డిసెంబర్ 8

శ్రీమతి రజిని గారికి,

మీ ప్యాకెట్ బస్సుల పంపిన రోజే వచ్చింది. మీ ఉత్తరం నాలుగో నాడు వచ్చింది. నడుమ ఆదివారం పడ్డది, అండ్ల పోస్టాఫీసు తప్పేం లేదు. ఈ లోపల జరగరానిది జరిగింది.

మా అమృతమ్మ వాటిని వడియాలనుకున్నది. 'సిద్దిపేట వడియాలు ఎంత తెల్లగున్నయో' అని మురిసి, పప్పుల నంజుకుందామని కాగే నూనెల ఆరు వేసింది. వేసినయి వేసినట్టే మాయం! వడియాలు పొంగుతయి గని మాయమైతయా? నూనె నల్లగయి నురగ కక్కింది. గంటె కడాయికి అతుక్కున్నది. గంటె పట్టి లేపితే కడాయి సుత లేస్తున్నది. 'మంత్రం, మంత్రం' అని అమృతమ్మ మంచమెక్కింది. మీ ఉత్తరం చదివి చెప్పిన. 'గామె రాస్తది, నువ్వు నమ్ముతవు' అన్నది.

నాకు ఇంట్ల బువ్వ దొరకాలె గద. జనవరి ఒకటికల్లా ఇల్లు ఖాళీ చెయ్యున్రి.

ఇంటి ఓనరు,
నాగేశం

తా.క.: ఖాళీ చేసేది చేసేదే గని, వంటల పండుగల ఏమైందో రాయున్రి.


సిద్దిపేట,
డిసెంబర్ 12

కాకా,

మీరు 'గారు' అని రాసేసరికి ఉత్తరం నాకేనా అని కవరు మీద పేరు మళ్ల చూసుకున్న. మార్చిల వర్షితకు పదో తరగతి పరీక్షలు. బడి ఇంటెనుకనే ఉన్నదని గద ఈ ఇంట్లకొచ్చినం. నడి ఏడాదిల మాకు ఇల్లెవరిస్తరు? మూడిండ్లు చూసిన. ఒకాయన నా మొకం చూసి, 'డాబా మీద నిప్పులేసేటామె నువ్వేనా?' అని తలుపేసుకున్నడు. నాకు నిద్ర పడ్తలేదు కాకా, నిజంగ.

చిన్నమ్మకు చెప్పున్రి. కడాయిల వేడినీళ్లు పోసి గంటసేపు ఉంచితే గంటె దానంతటదే ఊడుతది. చక్కెర గద, కరుగుతది. మంత్రమైతే వేడినీళ్లకు పోతదా? మిగిలినవి పొయ్యి నిప్పుల మీద కాల్చి చూడుమనున్రి. అప్పటికీ వద్దంటే వెళ్లిపోతం.

రజిని

తా.క.: వర్షితకు మొదటి బహుమతి. గోడ గడియారం ఇచ్చిన్రు. ఏ ఇంటి గోడకు కొట్టాల్నో మీరే చెప్పున్రి.


అక్కన్నపేట,
డిసెంబర్ 19

బంగారు తల్లి రజినికి,

గడియారం మన ఇంటి గోడకే కొట్టు. సామాను కట్టినవంటే ఇప్పు. గా ఖాళీ చెయ్యుమన్న ఉత్తరం చింపి కుంపట్ల వెయ్యి.

కడాయి నువ్వు చెప్పినట్టే ఊడింది. అమృతమ్మ మంచం దిగి మిగిలినవి కాల్చింది. ఆమెకు అంకెలు ఇరవై దాకనే వచ్చు, అందుకని మళ్ల మొదటి నుంచి పది లెక్కబెట్టింది. ఎనిమిది ఆమె తిని ఒకటి నాకిచ్చింది.

అసలు ముచ్చట విను. పదకొండేండ్ల కింద లక్ష్మీరాజం మన ఇంటి జాగల రెండు గజాలు కలుపుకుని రేకుల షెడ్డు వేసిండు. పెద్దమనుషులల్ల పెట్టిన, సర్వే చేయించిన, ఎన్ని ఉత్తరాలు రాసిన్నో. ఒక్కదానికి జవాబియ్యలే. గసుంటోడు మొన్న చెమటలు కక్కుకుంట మా ఇంటికొచ్చిండు. బోరు మోటరు కాలిందట, కాలు బెణికిందట, అల్లుడు అలిగి పోయిండట. 'షెడ్డు పీకేసిన నాగేశం, వచ్చి కొలుసుకో. నీ కిరాయామెకు చెప్పి నా మీద వేసింది తీయించు' అని నా చేతులు పట్టుకున్నడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకునుడంటే గిదే.

నేను అబద్ధమాడలే బిడ్డా. 'అది మిఠాయిరా, తినేది' అని మూడుసార్లు చెప్పిన. 'అందరూ గట్లనే అంటరు' అన్నడు. ఒకటి కాల్చి చేతుల పెట్టబోయిన. రెండు చేతులు జోడించి, వెనక్కి వెనక్కి నడుసుకుంట బస్సెక్కిండు.

పదకొండేండ్ల సంది గుండె మీదున్న బండ దిగింది తల్లీ. పదో తరగతి గాదు, వర్షిత డిగ్రీ అయ్యేదాక గా ఇంట్లనే ఉండున్రి.

మీ కాక,
నాగేశం

తా.క.: మా బామ్మర్ది గోపాల్ ఏటా మా పొలం గట్టు జానెడు జరుపుతున్నడు. ఇంకో ప్యాకెట్ పంపు. గట్టు మీద కూసోని కాల్చేది అమృతమ్మే. సొంత తమ్ముడు గదనే అంటే, 'అయితేంది, నేను అక్కను గానా' అన్నది.